కోతల నాటి నలుసు, మొదటి 18 గంటలు

వరి కోతల్లో కంటికి తగిలే దెబ్బని ఎవరూ దెబ్బగా లెక్కపెట్టరు. వంగి కొడవలి వేస్తుంటే పక్క దుబ్బులోంచి ఆకు కొన వచ్చి కంటిని గీరుతుంది. నూర్పిడి దగ్గర ఊక, నూగు, దుమ్ము మొహాన కొడతాయి. కల్లంలో తూర్పారబట్టేవాళ్ళకీ, హార్వెస్టరు వెనక గింజ ఏరుకునేవాళ్ళకీ ఇదే బాధ. కన్ను భగ్గుమంటుంది, నీళ్ళు కారతాయి, కొంగుతోనో తువ్వాలుతోనో రెండుసార్లు నలుపుకుని మళ్ళీ పనిలో పడతారు. పొద్దు గూకేసరికి ఎర్రబడితే మెడికల్ షాపులో ఒక చుక్కల మందు. మూడో రోజుకి నయమైనట్టే ఉంటుంది. పదో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క తేలుతుంది. నెల తిరిగేసరికి "కంట్లో పువ్వు పూసింది" అంటారు.

వరి ఆకు తగిలి కన్ను పోయింది అని ఊరంతా చెప్పుకుంటుంది. అది సగం మాటే. ఆకు చేసింది మూడు రోజుల్లో మానే గీత. కన్ను పోయింది ఆ గీతకీ మొదటి సరైన పరీక్షకీ మధ్య గడిచిపోయిన రోజుల్లో, ముఖ్యంగా ఆ రోజుల్లో వేసిన చుక్కల మందుతో. పొలం పనుల్లో కంటికి దెబ్బ తగలడాన్ని పూర్తిగా ఆపలేం. తగిలిన దెబ్బ పుండు కాకుండా ఆపడం మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. ఈ రెండో సంగతి మీద మన దగ్గర పెడుతున్న శ్రద్ధ చాలా తక్కువ. నా బాధంతా అదే.

ముందు నల్లగుడ్డు గురించి. పేరుకే నల్లగుడ్డు, నిజానికి దానికి రంగే లేదు. చేతి గడియారం మీద అద్దంలాంటి పారదర్శకమైన పొర అది. వెనక ఉన్న భాగాల రంగు దానిగుండా కనబడి నల్లగా తోస్తుంది. వెడల్పు 11 నుంచి 12 మిల్లీమీటర్లు. మందం మధ్యలో కాస్త అటూ ఇటూగా అర మిల్లీమీటరు, అందులో పదో వంతు మాత్రమే పైపొర. ఐదారు వరసల కణాలతో నేసిన ఈ పైపొర గీసుకుపోతే చుట్టుపక్కల కణాలు జరుగుతూ వచ్చి ఖాళీని కప్పేస్తాయి. చిన్న గీతయితే ఒకటి రెండు రోజుల్లో, పెద్దదైతే మూడు నాలుగు రోజుల్లో మానుతుంది, మచ్చ కూడా మిగలదు. ఒంటి మీద ఇంత త్వరగా, ఇంత శుభ్రంగా మానే చోటు మరొకటి దొరకడం కష్టం. దాని కిందికి దిగిన దెబ్బ మాత్రం మచ్చ వదలకుండా పోదు.

ఈ పొరలో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపు ఇంత తేటగా ఉండదు. ఆ తేటదనానికి కన్ను కట్టే మూల్యం కూడా అదే. చర్మం మీద ముల్లు గుచ్చుకుంటే నిమిషాల్లో రక్తంతో పాటు తెల్లకణాలు చేరుకుంటాయి, ఇక్కడికి అవి చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తాయి. రక్షణ అంతా ఆ పైపొరదే. అది మూసి ఉన్నంతకాలం కంట్లో దుమ్ము పడినా పెద్దగా జరిగేదేమీ ఉండదు. గీతతో అది తెరుచుకుందా, లోపలికి దారి పడినట్టే.

ఇక వరి ఆకు. ఆరిన ఆకొకటి తీసుకుని అంచు మీద వేలితో కొన నుంచి మొదలు వైపుకి మెల్లగా నిమిరి చూడండి. గరగరలాడుతుంది. ఆ అంచున సిలికాతో గట్టిపడిన సన్నటి పళ్ళుంటాయి, కంటికి కనబడని రంపంలా. అది నల్లగుడ్డు మీద గీస్తే పైపొర లేచిపోతుంది. గీయడంతో పాటు ఆకు మీద ఉన్న బూజు విత్తనాల్ని కూడా లోపల వదిలి వెళ్తుంది. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ జాతులు మన నేలలో, గడ్డిలో, ఎండిన ఆకులో ఎప్పుడూ ఉండేవే. అందుకే గోరు తగిలిన గీతకీ, ఆకు తగిలిన గీతకీ తేడా చూడాలి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, రెండోదాన్ని ఎక్కువ అనుమానించాలి. చెరకు ఆకు, జొన్న ఆకు, పత్తికాయ డొప్ప మొన, పశువు తోక, కంపచెట్టు కొమ్మ, ఇవన్నీ ఆ రెండో లెక్కలోకే వస్తాయి.

దెబ్బ తగలగానే చేయాల్సింది నలపకుండా ఉండడం. చెప్పడం తేలిక, చేయడం కష్టం, ఎందుకంటే నల్లగుడ్డులో ఉన్నన్ని నరాల కొసలు ఒంట్లో మరెక్కడా ఉండవేమో అన్నంత దట్టంగా ఉంటాయి. చెయ్యి తనంతట తాను పోతుంది. ఆ చేతికి ఇంకో పని చెప్పాలి: తాగే నీళ్ళ సీసా అందుకోవాలి. చేతులు కడుక్కుని, తల పక్కకి వంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నీళ్ళు పారేలా పోస్తూ రెప్పలు ఆడించాలి. బోరు నీళ్ళు తేటగా ఉంటే పరవాలేదు, కాలువ నీళ్ళు వద్దు. నలుసు పైరెప్ప కింద ఉందనిపిస్తే ఆ రెప్ప వెంట్రుకల్ని పట్టుకుని కిందికి లాగి కిందిరెప్ప మీద ఒక క్షణం ఉంచి వదలండి. కిందిరెప్ప వెంట్రుకలు లోపలంతా ఊడ్చినట్టవుతుంది. చాలాసార్లు నలుసు దీనితోనే వచ్చేస్తుంది.

తెల్లగుడ్డు మీదో కిందిరెప్ప లోపలో నలుసు కనబడితే తడిపిన శుభ్రమైన గుడ్డ కొసతో తీయొచ్చు. నల్లగుడ్డు మీద ఉంటే ముట్టుకోవద్దు. అగ్గిపుల్ల, పిన్నీసు, కొన్ని ఊళ్ళలో నాలుకతో తీసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ చేతి నేర్పుని నేను తక్కువ చేయడం లేదు, నలుసు వచ్చేస్తుంది కూడా. కానీ తీసిన చోట లేచిపోయిన పైపొర మీద నోట్లోని సూక్ష్మజీవులు చేరతాయి. కంటి డాక్టరు అదే నలుసుని మత్తు చుక్క వేసి, స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం కింద పెద్దదిగా చూస్తూ, శుద్ధి చేసిన సన్నటి సూది మొనతో అడ్డంగా పట్టుకుని లేపుతారు. అర మిల్లీమీటరు పొర మీద పని అది, వట్టి కంటికి అందేది కాదు.

నలుసు పోయాక కూడా ఏదో గరగరలాడుతూనే ఉంటే రెండు కారణాలుంటాయి. ఒకటి, నలుసు నిజంగా పోలేదు, పైరెప్ప లోపలి గాడిలో ఇరుక్కుని ఉంది. రెప్ప కొట్టినప్పుడల్లా అది పైనుంచి కిందికి గీస్తుంది. పరీక్షలో నిలువు గీతలు వరసగా కనబడితే డాక్టరు మొదట రెప్ప తిప్పి చూసేది అందుకే. రెండోది, గీత పడింది, ఆ గీతే నలుసులా అనిపిస్తోంది. ఈ రెండింటినీ ఇంట్లో అద్దం ముందు తేల్చలేం. ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు మందు పూసిన కాగితపు ముక్కని తడిపి కిందిరెప్పకి తాకిస్తే, నీలి వెలుగులో పైపొర లేచిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని. ఎర్రబడిన కంటికి ఏ మందైనా వేసేముందు తప్పక జరగాల్సిన పరీక్ష ఇదే, జరగనిదీ ఇదే.

ఎంతలోగా? దీనికి చాలా స్పష్టమైన జవాబు నేపాల్ నుంచి ఉంది. కాఠ్మాండూ లోయలోని భక్తపూర్‌లో సుమారు 35 వేల జనాభాని రెండేళ్ళపాటు గమనించారు. ఊళ్ళోవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఆ రంగు కాగితాలు, నీలి టార్చి చేతికిచ్చారు. కంటికి దెబ్బ తగిలిందని వచ్చినవాళ్ళలో 442 మందికి నల్లగుడ్డు మీద గీత కనబడింది. వాళ్ళకి ఒక శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకి మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. 424 మందికి దాంతోనే మానిపోయింది. 2001లో అచ్చయిన ఆ ఫలితాల్లో అసలు చూడాల్సింది గంటల లెక్క. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలైనవాళ్ళలో ఒక్కరికీ పుండు కాలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి అయింది. 24 గంటలు దాటి 48 లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి అయింది. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు.

ఈ లెక్కని అతిగా వాడుకోవడం కూడా తప్పే. మందు పెట్టనివాళ్ళతో పోల్చిన పరిశోధన కాదది. పైగా క్లోరాంఫెనికాల్ బాక్టీరియాని ఆపుతుంది గానీ ఫంగస్‌ని చంపదు. తర్వాత నేపాల్‌లోనే ఇంకా పెద్ద ఎత్తున, కొన్ని ఊళ్ళలో ఈ ఏర్పాటు పెట్టి కొన్నింటిలో పెట్టకుండా పోల్చి చూస్తే, ఊరు మొత్తం మీద పుళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. దీన్నిబట్టి ఆయింట్‌మెంట్ వృథా అనుకోవడం నాకు సమ్మతం కాదు. ఆయింట్‌మెంట్ గొట్టం ఊళ్ళో ఉన్నంత మాత్రాన గీత పడిన ప్రతి మనిషీ అదే రోజు అక్కడికి రాడు. వచ్చినవాళ్ళకి మేలు జరగడం వేరు, ఊరంతటికీ పుళ్ళు తగ్గడం వేరు. భక్తపూర్‌లో పనిచేసింది మందుతో పాటు తొందరగా చూడడం, గీతని కళ్ళారా గుర్తించడం, మూడు రోజులు కనిపెట్టుకుని ఉండడం, ఆ మూడు రోజులూ కంట్లో ఇంకేమీ పడకపోవడం. ఇవన్నీ కలిపి అని నా అభిప్రాయం. ఆఖరిది మరీ ముఖ్యం.

ఎందుకంటే మన దగ్గర ఆ మూడు రోజుల్లో కంట్లో పడేది స్టెరాయిడ్.

"అన్నా, కన్ను ఎర్రగైంది, ఏదన్నా చుక్కల మందియ్యి." ఈ మాటకి కౌంటర్ అవతలి నుంచి వచ్చే సీసాలో చాలాసార్లు రెండు మందులు కలిసి ఉంటాయి: ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్. షాపాయనకి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. ఆ మందు వేస్తే సాయంత్రానికి ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, వేసుకున్నవాళ్ళు మర్నాడు వచ్చి మంచి మందిచ్చావన్నా అంటారు. స్టెరాయిడ్ చేసే పనే అది. ఎరుపు, వాపు, నొప్పి అనేవి శరీరం పోరాడుతోందని చెప్పే గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. కండ్లకలక తర్వాత వచ్చే కొన్ని వాపుల్లో, శుక్లం ఆపరేషన్ తర్వాత, నల్లగుడ్డు మార్పిడి తర్వాత అది అవసరమే, ప్రాణదానంలాంటిదే. ఆకు గీసిన కంట్లో మాత్రం అది కాపలావాణ్ణి నిద్రపుచ్చి తలుపు తీసి ఉంచడం. ఫంగస్‌కి నాలుగైదు రోజులు అడ్డు లేకుండా దొరుకుతాయి. కన్ను తేటబడినట్టు కనిపిస్తూనే లోపల పుండు వేళ్ళూనుతుంది. మందు ఆపగానే నొప్పి రెట్టింపుతో తిరిగొస్తుంది, మళ్ళీ అదే సీసా కొంటారు.

కాబట్టి సీసా చదవడం నేర్చుకోవాలి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్: ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. పెద్దక్షరాల్లో ఉండే బ్రాండు పేరు దీన్ని చెప్పదు, కింద చిన్నక్షరాల్లో వెతకాలి. బ్రాండు పేరు చివర డి, డీఎక్స్, డెక్స్ లాంటి తోక ఉంటే అనుమానించండి. ఇంగ్లీషు చదవడం రాకపోతే ఫోనులో ఫొటో తీసి చదువుకునే పిల్లలకి పంపండి. షాపులో అడగాల్సిన మాట ఒక్కటే: "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఇంట్లో ఎవరి శుక్లం ఆపరేషన్‌కో తెచ్చి మిగిలిన సీసా అలమరాలో ఉంటే అదీ ఈ కోవలోదే కావచ్చు, పైగా మూత తీసి నెల దాటితే ఏ చుక్కల మందైనా పారేయాల్సిందే.

ఇంకో ప్రమాదం మత్తు చుక్కలు. నలుసు తీయడానికి డాక్టరు వేసే మందు అరనిమిషంలో బాధ మాయం చేస్తుంది. అది చూసి, ఆ మందు పేరేదో చెప్పండి అని అడగబుద్ధేస్తుంది. ఇంటికి తెచ్చుకుని వేసుకుంటూ పోతే పైపొర కణాలు జరగడం మానేస్తాయి, గీత మానదు, నొప్పి తెలియదు కాబట్టి నలుపుకున్నా తెలియదు. రెండు వారాల్లో నల్లగుడ్డు కరిగే దాకా పోవచ్చు.

చనుబాలు, ఆముదం, తేనె, ఆకు పసరు, నందివర్ధనం పూలు. పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నా, నందివర్ధనం పువ్వుని మూసిన రెప్ప మీద చల్లగా పెట్టుకోవడం వేరు, దాన్ని పిండి కంట్లో పోయడం వేరు. గీత పడిన కంట్లో పోసే ఏ ద్రవమైనా శుద్ధి చేసిందై ఉండాలి. పసరు కాదు, చనుబాలు కాదు. కట్టు కూడా కట్టొద్దు. కట్టు కింద వెచ్చగా, తడిగా, చీకటిగా ఉంటుంది, బూజుకి కావాల్సింది అదే. కట్టు వల్ల గీత తొందరగా మానదు కూడా. వెలుతురు బాధిస్తే నల్లకళ్ళద్దాలు పెట్టుకోండి.

ఇన్ని చేసినా, చేయకపోయినా, కొన్ని గీతలు పుళ్ళవుతాయి. ఫంగస్ పుండు నిదానంగా వస్తుంది. దెబ్బ తగిలిన నాలుగైదు రోజుల నుంచి రెండు మూడు వారాల్లోపు ఎప్పుడైనా. కన్ను చూడ్డానికి ఉన్నంత ఘోరంగా మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. తెల్లగా, పొడిగా, అంచులు దూదిపింజల్లా చెదిరి, చుట్టూ చిన్న చిన్న చుక్కలతో ఉంటుంది. నల్లగుడ్డు వెనక అడుగున చీము పాలమీగడలా పేరుకోవచ్చు. ఇది కనబడిన రోజు ఊళ్ళో ఆగకూడదు. అంచనాతో మందు వేయకూడదు. పుండు అంచు నుంచి గీకి తీసిన నమూనాని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ దారాలు అప్పటికప్పుడే కనబడతాయి. కల్చర్, అంటే నమూనాలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష, దాని ఫలితం తర్వాత రోజుల్లో వస్తుంది. ఈ గీకే పరీక్ష చేసే ఆసుపత్రికే వెళ్ళండి. హైదరాబాదులో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి అలాంటివి. ఎల్‌వీ ప్రసాద్ వారికి పల్లెల్లో విజన్ సెంటర్లు ఉన్నాయి, అక్కడ స్లిట్ ల్యాంప్ ఉంటుంది, పై ఆసుపత్రికి పంపిస్తారు, కట్టలేనివాళ్ళకి ఉచితంగా చూస్తారు.

మందు నాటామైసిన్, ఐదు శాతం. దక్షిణాఫ్రికాలో నాటాల్ అనే ప్రాంతపు మట్టిలో 1950ల్లో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన మందు కాబట్టి ఆ పేరు. మట్టిలోంచి వచ్చే రోగానికి మందు కూడా మట్టిలోంచే వచ్చింది. దీనికన్నా కొత్తదీ, ఖరీదైనదీ అయిన వోరికోనజోల్‌ని దీనితో పోల్చి అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. పాత నాటామైసినే గెలిచింది, ఫ్యుజేరియం పుళ్ళలో మరీ స్పష్టంగా. ఖరీదైన మందు రాయలేదేమని డాక్టరుతో గొడవపడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ మందు వేసుకోవడమే ఒక ఉద్యోగం. మొదటి వారం మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అంటే పదిహేడు చుక్కలు. ఐదు మిల్లీలీటర్ల సీసాలో సుమారు వంద చుక్కలుంటాయి కనుక ఆ జోరున సీసా ఆరు రోజులకి మించి రాదు. రెండో సీసా ఐదో రోజునే తెచ్చిపెట్టుకోవాలి, ఆదివారం షాపు మూసి ఉందని మందు ఆగకూడదు. మందు తెల్లగా, పొడి కలిపినట్టు ఉంటుంది, నిలబెడితే అడుగుకి దిగుతుంది. ప్రతిసారీ బాగా కుదపాలి. కుదపకుండా వేస్తే పైన తేరిన నీళ్ళే పడతాయి, రోగం ముదిరిందేమని కంగారుపడతారు. కంట్లో తెల్లటి పొడి అంటుకుని కనబడడం మామూలే, అది చీము కాదు.

చుక్క వేసే తీరు చూద్దాం. తల వెనక్కి వాల్చి, కిందిరెప్పని వేలితో కిందికి లాగి జేబులా చేసి, సీసా మూతి వెంట్రుకలకి కూడా తగలకుండా ఒక్క చుక్క. ఆ జేబులో ఒక చుక్కే పట్టదు, రెండోది చెంప మీదికి పోతుంది. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు ముక్కులోకి జారిపోదు. రెండో రకం మందుంటే ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిదాన్ని రెండోది కడిగేస్తుంది.

నాటామైసిన్ లోపలికి చొచ్చుకుపోయే గుణం తక్కువ. అందుకే డాక్టరు కొన్నిసార్లు పుండు మీది పొరని గీకి తీస్తారు, చూసేవాళ్ళకి పుండుని పెద్దది చేసినట్టు అనిపిస్తుంది. మొదటి వారంలో పెద్దగా మార్పు కనబడకపోవచ్చు. పెరగకపోవడమే అప్పటికి గెలుపు. అంచులు గుండ్రబడడం, చుట్టూ చుక్కలు మాయమవడం, నొప్పి తగ్గడం మంచి గుర్తులు. చాలామంది ఇక్కడే, రెండో వారంలో, తగ్గిందిగా అని మానేస్తారు. లోపలి పొరల్లో మిగిలిన ఫంగస్ పది రోజుల్లో తిరగబడుతుంది. మూడు వారాలు తక్కువలో తక్కువ, చాలాసార్లు అంతకు రెట్టింపు. షుగరున్నవాళ్ళకి ఇంకా నెమ్మది, షుగరు అదుపు కూడా ఈ చికిత్సలో భాగమే అనుకోవాలి.

ఒక గుర్తు మాత్రం అందరికీ తెలియాలి. ఇన్నాళ్ళుగా వేధించిన నొప్పి ఉన్నట్టుండి తగ్గి, దానికి ముందు కంట్లోంచి వెచ్చటి నీళ్ళు బుడుక్కున కారితే సంతోషించకండి. నల్లగుడ్డుకి రంధ్రం పడిందన్నమాట. నొక్కకుండా, కడగకుండా, కంటికి తగలకుండా పైన ఒక కాగితపు కప్పు అడ్డుపెట్టి టేపు వేసి అదే గంటలో బయల్దేరాలి. చిన్న రంధ్రమైతే ప్రత్యేకమైన జిగురుతో మూస్తారు, పెద్దదైతే దాత నల్లగుడ్డుతో మార్పిడి చేస్తారు. ఆ మార్పిడి కన్నుని నిలపడానికి, చూపు సంగతి తర్వాత.

ఇప్పుడు అసలు అభ్యంతరం. "కోతల్లో రోజు కూలి మానుకుని ఎర్రకన్నుకి పట్నం ఎవరు పోతారు?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళది అజ్ఞానం అని నేను అనను. కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, తోడు వచ్చినవాళ్ళ కూలీ పోతుంది, అక్కడికెళ్ళాక ఏం లేదు పో అంటారేమోనన్న అనుమానం. ఎక్కువ గీతలు ఏమీ చేయకపోయినా మానిపోతాయి కూడా. ఆ అనుభవమే వాళ్ళని ఆపుతుంది. కనుక "వెంటనే డాక్టరుని కలవండి" అనే గోడ రాత వాళ్ళకి పనికిరాదు. 18 గంటల్లో చేరుకోగల దూరంలో రంగు కాగితం, నీలి టార్చి ఉండాలి. ఆశా కార్యకర్త దగ్గరో, ఆర్‌ఎంపీ దగ్గరో, కోతల రెండు నెలలైనా. ఖరీదైన సామానేమీ కాదు. ఆర్‌ఎంపీలని తిట్టిపోయడం మనకి అలవాటు. రాత్రి పదింటికి తలుపు తీసేది ఆయనే. ఆయనకి నేర్పాల్సినవి మూడే మాటలు: పచ్చగా మెరిస్తే స్టెరాయిడ్ వేయకు, కట్టు కట్టకు, మర్నాడు మళ్ళీ చూడు. మర్నాటికి గీత చిన్నదవకపోయినా, తెల్లచుక్క కనబడినా పంపించెయ్యి. ఊరి కన్ను కాపాడడానికి ఇంతకంటే చవకైన పని నాకు తోచడం లేదు.

కొన్ని దెబ్బలకి 18 గంటలు కూడా ఎక్కువ. సున్నం, పురుగుమందు, బ్యాటరీ నీళ్ళు కంట్లో పడితే నిమిషాలే లెక్క. తమలపాకులోకి వాడే సున్నం పొట్లం నొక్కి ఆడుకునే పిల్లల కళ్ళలో చిమ్మడం మన ఇళ్ళలో జరిగే ప్రమాదమే. సున్నం లాంటి క్షారం కంటి పొరల కొవ్వుని సబ్బులా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. డాక్టరు కోసం పరుగెత్తకముందే కుళాయి కింద కనీసం అరగంట కడగాలి, రెప్పలు విడదీసి పట్టుకుని, సున్నం ముక్కలు కనబడితే తడి గుడ్డతో తీసేస్తూ. సుత్తితో ఉలిని కొట్టేటప్పుడు ఇనుప రజను దూసుకుపోతే కన్ను పైకి మామూలుగానే ఉండొచ్చు. "సుత్తి పని చేస్తుండగా" అన్న మాట డాక్టరుకి చెప్పడం మరవద్దు, ఎక్స్‌రేనో సీటీ స్కానో తీయాల్సి ఉంటుంది, ఎంఆర్‌ఐ తీయకూడదు.

పుండు మానాక మిగిలేదే పువ్వు. అంచున ఉంటే చూపుకి అడ్డం రాదు. నడిమధ్యన ఉంటే చిన్నదైనా చూపు మసకేస్తుంది. నెలలు గడిచేకొద్దీ మచ్చ కొంత పలచబడుతుంది, అందుకే వెంటనే మార్పిడికి తొందరపడరు. ఉపరితలం ఎగుడుదిగుడైనందువల్ల వచ్చే మసకకి మామూలు కళ్ళద్దాలు పనిచేయవు, గట్టి రకం కాంటాక్ట్ లెన్స్ వెనక కన్నీరు నిండి ఆ గుంటల్ని సమం చేస్తుంది. పొలం పని చేసేవాళ్ళకి దాన్ని శుభ్రంగా వాడడం కష్టమన్నది నిజమే, ముందే ఆలోచించుకోవాలి. మార్పిడి చేయించుకుంటే ఏళ్ళ తరబడి చుక్కలు, తనిఖీలు ఉంటాయి. ఎరుపు, నొప్పి, మసక వీటిలో ఏది వచ్చినా అదే రోజు వెళ్ళాలి.

ఒక కంటి చూపుతో మిగిలినవాళ్ళకి మొదట తప్పేది దూరం అంచనా. చాయ్ కప్పు పక్కన పడుతుంది, మెట్టు లేనిచోట కాలు పడుతుంది. కప్పు అంచుకి గిన్నె మూతి తాకించి పోసుకోవాలి, చూపు లేని వైపుకి తల తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి. కొన్ని నెలల్లో మెదడు సర్దుకుంటుంది. అప్పటిదాకా బండి నడపకపోవడం మంచిది.

పూర్తిగా మానిందనుకున్న గీత కూడా కొందరిని వదలదు. రెండు మూడు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున కళ్ళు తెరవగానే బ్లేడుతో కోసినట్టు నొప్పి, గంటలో తగ్గిపోతుంది. కొత్త పైపొర కిందికి గట్టిగా అతుక్కోకపోవడంతో రాత్రంతా ఆరిన రెప్ప దాన్ని లేపుకొస్తుంది. పడుకునేముందు కంటి ఆయింట్‌మెంట్, పొద్దున రెప్పలు ఒక్కసారి తెరవకుండా మూసిన కంటినే నెమ్మదిగా కదిలించి తెరవడం, ఇలా కొన్ని నెలలు చేయాలి. ఇది కొత్త రోగమని స్టెరాయిడ్ సీసా మళ్ళీ తెచ్చుకోకండి.

ఇక కళ్ళద్దాలు. పాలికార్బొనేట్ రక్షణ అద్దాలు హార్డువేరు షాపుల్లో వెల్డింగు సామాను పక్కన దొరుకుతాయి, నూరు నూటయాభై రూపాయలకి. చెమటకి మసకేస్తున్నాయని పడేస్తారు, ఆ ఫిర్యాదు న్యాయమైనదే. చుట్టూ మూసుకుపోయిన రకం కాకుండా పక్కన గాలి రంధ్రాలున్నవి తీసుకోండి. సబ్బునీళ్ళు పలచగా రాసి గుడ్డతో తుడిచేస్తే ఆవిరి తక్కువ పడుతుంది. కాడలకి వెనక ఒక దారం కడితే వంగినప్పుడు జారవు. కోత కోసేవాళ్ళకి కొన్నప్పుడు కల్లం దగ్గర మోపు అందించే పిల్లలకీ ఒకటి కొనండి, తూర్పారబట్టేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడేది ఎక్కువగా వాళ్ళే.